ఎండిన రేకలు, చెదిరిన పేర్లు
శిబ్‌పూర్ వృక్ష భాండారం: ఒక విమర్శనాత్మక పరిశీలన

తాళపత్ర గ్రంథాలను పరిష్కరించిన పండితులకు ఒక సంగతి బాగా తెలుసు. గ్రంథం ఎంత గొప్పదైనా దాని చివర ఉండే నాలుగు పంక్తుల్లోనే దాని చరిత్ర దాగి ఉంటుంది. ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, ఏ సంవత్సరంలో ఏ ఊళ్లో రాత ముగిసింది అన్న వివరాలు అక్కడ దొరుకుతాయి. సంస్కృత సంప్రదాయంలో ఆ ముగింపు వాక్యాలకు పుష్పిక అని పేరు. పుష్పిక లేని ప్రతి చదవటానికి పనికివస్తుంది కాని, సాక్ష్యం చెప్పటానికి పనికిరాదు.

ఎండిన మొక్కలను కాగితాలకు అంటించి దాచే హెర్బేరియం కూడా ఇటువంటి గ్రంథాలయమే. అక్కడి ప్రతి రేకూ ఒక పత్రం. దాని మీద కొమ్మ, ఆకు, పువ్వు, కాయ ఉంటాయి. కుడివైపు దిగువన ఒక చిన్న చీటీ ఉంటుంది. మొక్క పేరు, దొరికిన చోటు, సేకరించిన తేదీ, సేకరించినవారి పేరు ఆ చీటీలో రాస్తారు. పువ్వు కింద ఉన్న ఆ చీటీయే అసలైన పుష్పిక. భారతదేశంలోని ఇటువంటి భాండారాలన్నింటిలో పెద్దది హౌరా జిల్లా శిబ్‌పూర్‌లోని ఉద్యానవనంలో ఉన్న కేంద్రీయ జాతీయ హెర్బేరియం. సుమారు 20 లక్షల నమూనాలు అక్కడ ఉన్నాయి. దీని చరిత్ర కోల్‌కతాలోని భారతీయ మ్యూజియం చరిత్రతో పెనవేసుకొని ఉంది. ఆంధ్రతీరంతోనూ దీనికి అనుకోనంత దగ్గర సంబంధం ఉంది.

ఈ భాండారపు శాస్త్రీయ విలువను గురించి వృక్షశాస్త్రజ్ఞులు విస్తారంగా రాశారు. సాహిత్య విమర్శకుడు అడగవలసిన ప్రశ్న వేరు. ఒక గ్రంథాన్ని చదివినట్లు ఈ భాండారాన్ని చదివితే, ఇందులో ఎవరి గొంతు వినిపిస్తుంది? ఎవరి గొంతు వినిపించదు? ఈ వ్యాసం ఆ ప్రశ్నకు సమాధానం వెతికే ప్రయత్నం.

మూలప్రతి అంటే ఏమిటి?

మొక్కలను ఎండబెట్టి కాగితాల మధ్య దాచే పద్ధతి 16వ శతాబ్దిలో ఇటలీలో రూపుదిద్దుకొంది. లూకా గీనీ అనే ఆచార్యుడు దీనికి ఆద్యుడని చెబుతారు. పద్ధతి సులభమైనది. కోసిన కొమ్మను అద్దుడు కాగితాల మధ్య పరచి బరువు కింద అదిమి ఉంచుతారు. కాగితాలు తడి పీల్చుకొన్నకొద్దీ మారుస్తారు. ఎండిన తరువాత పురుగు పట్టకుండా మందు పూసి, గట్టి కాగితానికి అంటించి, చీటీ చేర్చి, బీరువాల్లో కుటుంబాల వారీగా అమరుస్తారు. తేమ, పురుగు, నిప్పు అనే మూడు శత్రువుల నుంచి కాపాడితే ఆ రేక శతాబ్దాలపాటు నిలుస్తుంది.

శాస్త్రజ్ఞుడు ఒక మొక్కకు తొలిసారిగా పేరు పెట్టినప్పుడు ఆ పేరుకు ఆధారంగా నిలిచే నమూనాను టైప్ అంటారు. పరిష్కర్తల పరిభాషలో చెప్పాలంటే అది మూలప్రతి. 1958 జనవరి 1 నుంచి, కొత్త పేరు ప్రకటించేవారు టైప్‌ను సూచించి తీరాలని అంతర్జాతీయ నియమావళి విధించింది. అంతకు ముందటి పేర్ల విషయంలో తరువాతి పండితులు పాత నమూనాలను, పాత చిత్రాలను పరిశీలించి మూలాన్ని నిర్ణయిస్తారు. ప్రతులను పోల్చి పాఠాన్ని నిర్ణయించే పనికీ దీనికీ భేదం లేదు.

ఈ రేకలు కేవలం పేర్ల కోసమే అనుకొంటే పొరపాటు. 1987లో ఎఫ్. ఐ. వుడ్‌వర్డ్ అనే శాస్త్రజ్ఞుడు కేంబ్రిడ్జి హెర్బేరియంలోని 200 సంవత్సరాల నాటి ఆకులను పరిశీలించి, గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగినకొద్దీ ఆకుల మీది పత్రరంధ్రాల సాంద్రత సుమారు 40 శాతం తగ్గిందని చూపించాడు. 1840ల నాటి ఐర్లాండు కరవుకు కారణమైన బంగాళాదుంప తెగులు ఏ వంశానికి చెందినదో 2013లో తేల్చింది కూడా హెర్బేరియంలో దాచిన తెగులు సోకిన ఆకులే. ఆ ఆకులను దాచినవారికి జన్యుశాస్త్రమన్న మాటే తెలియదు. భద్రపరచటమంటే రాబోయే ప్రశ్నలకు చోటు ఉంచటమే అనటానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

సామర్లకోట నుంచి శిబ్‌పూర్ దాకా

శిబ్‌పూర్ ఉద్యానవనాన్ని 1787లో ఈస్టిండియా కంపెనీ అనుమతితో కర్నల్ రాబర్ట్ కిడ్ నెలకొల్పాడు. కంపెనీకి లాభించే మొక్కలను పెంచటం దాని ఉద్దేశం. 1793లో కిడ్ మరణానంతరం ఆ బాధ్యతను స్వీకరించినవాడు విలియం రాక్స్‌బర్గ్. భారతీయ వృక్షశాస్త్ర పితామహుడిగా పేరు పొందిన ఈ స్కాట్లండు వైద్యుడు కలకత్తా చేరేముందు పది సంవత్సరాలకు పైగా సామర్లకోటలో ఉన్నాడు. అంటే ఆయన వృక్షశాస్త్ర పరిశోధన రూపుదిద్దుకొంది తెలుగుదేశంలోనే.

ఆయనకు ముందే మరొకరు ఈ తీరానికి వచ్చారు. స్వీడన్ దేశపు మహాశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ శిష్యుడైన యోహాన్ గెర్‌హార్ట్ కోనిగ్ 1768లో తరంగంబాడికి వచ్చి, దక్షిణ దేశమంతా తిరిగి, 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో కన్నుమూశాడు. మన ఎర్రచందనానికి 1782లో శాస్త్రీయ నామం లభించింది ఆయన పంపిన సామగ్రి ఆధారంగానే. శేషాచలం కొండల్లో తప్ప మరెక్కడా సహజంగా విస్తారంగా పెరగని ఆ చెట్టు ప్రపంచ విజ్ఞానంలో ప్రవేశించటానికి మూలమైనవాడు కాకినాడ మట్టిలో కలిసిపోయాడన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో కనిపించదు.

రాక్స్‌బర్గ్ తొలినాళ్లలో సేకరించిన మొక్కలు, పుస్తకాలు తీరప్రాంతపు ఉప్పెనలో కొట్టుకొనిపోయాయి. ఆయన మళ్లీ మొదటి నుంచి ప్రారంభించాడు. స్థానిక చిత్రకారులను నియమించి మొక్కలను సహజ పరిమాణంలో గీయించాడు. ఆ చిత్రాల నుంచి ఎంపిక చేసిన 300 చిత్రాలతో 1795 నుంచి 1820 వరకు లండన్‌లో మూడు సంపుటాల 'కోరమాండల్ తీరపు మొక్కలు' వెలువడింది. సర్ జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో అచ్చయిన ఆ గ్రంథం అచ్చు అందానికి కూడా ప్రసిద్ధి చెందింది.

ఈ సంపుటాలు తిరగవేసే తెలుగు పాఠకుడికి కలిగే మొదటి అనుభూతి పరిచయం. చిరివేరు, ముష్టి, చిల్లగింజ, జీడి, ఇప్ప, మోదుగ, సోమిద మొదటి సంపుటంలోనే వరుసగా ఎదురవుతాయి. రాక్స్‌బర్గ్ చాలాచోట్ల తెలుగు పేరును తాను విన్నట్లు రోమను లిపిలో రాశాడు. కొన్ని సందర్భాల్లో ఆ పేర్లు శాస్త్రీయ నామాలుగానే స్థిరపడ్డాయి. సోమిద చెట్టు పేరు మీద 1830లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జుస్సియూ 'సోయ్‌మిడా' అన్న ప్రజాతిని స్థాపించాడు. నల్లమల, శేషాచలం ప్రాంతాల్లో పెరిగే గుగ్గిలపు జాతి చెట్టుకు రాక్స్‌బర్గ్ 'షోరియా టంబుగ్గయా' అని పేరు పెట్టాడు. ఆ రెండవ పదం తెలుగువారి నోటి నుంచి విన్నదే. లాటిన్ వేషం వేసుకొన్న తెలుగు పదాలు ప్రపంచంలోని ప్రతి హెర్బేరియంలోనూ ఉన్నాయన్న మాట.

ఐతే ఈ పరిచయానందం దగ్గర ఆగిపోతే విమర్శ కాదు. చిరివేరును గురించి రాక్స్‌బర్గ్ రాసిన వివరణ సుదీర్ఘమైనది. దాన్ని ఎట్లా సాగు చేస్తారు, వేరు ఎప్పుడు తవ్వుతారు, గుడ్డకు ఎర్రరంగు ఎట్లా ఎక్కిస్తారు అన్న వివరాలన్నీ ఆయన రాశాడు. మచిలీపట్నం కలంకారీకి ప్రాణమైన ఆ ఎరుపు రహస్యం ఆయన కనిపెట్టినది కాదు. రంగరేజుల దగ్గర, రైతుల దగ్గర చూసి నేర్చుకొన్నది. వారి విద్య పుస్తకంలోకి ఎక్కింది. వారి పేర్లు ఎక్కలేదు.

పేరులేని కుంచెలు

చిత్రాల విషయంలో ఈ లోపం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. రాక్స్‌బర్గ్ గీయించిన చిత్రాలు 2,500కు పైగా ఉన్నాయి. ఒక ప్రతి కలకత్తాలో ఉంచి, మరొక ప్రతిని లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లకు పంపించాడు. కలకత్తా ప్రతి శిబ్‌పూర్ భాండారపు అమూల్య సంపద. లండన్ ప్రతి క్యూ ఉద్యానవనంలో ఉంది. అచ్చయిన సంపుటాల్లో రచయిత పేరుంది, ప్రచురణకు సూత్రధారి అయిన బ్యాంక్స్ పేరుంది. మొక్క ఎదుట కూర్చొని గీసిన చిత్రకారుడి పేరు లేదు.

దీన్ని కేవలం కృతజ్ఞతకు సంబంధించిన విషయంగా భావించకూడదు. రాక్స్‌బర్గ్ పేరు పెట్టిన అనేక జాతులకు ఆయన నమూనాలు స్పష్టంగా గుర్తింపబడలేదు. అటువంటి సందర్భాల్లో తరువాతి శాస్త్రజ్ఞులు ఆయన గీయించిన చిత్రాన్నే మూలప్రతిగా నిర్ణయించారు. అంటే ఈనాడు ప్రపంచమంతటా చెల్లుతున్న ఒక శాస్త్రీయ నామానికి అంతిమ ప్రమాణం ఒక అజ్ఞాత చిత్రకారుడి కుంచె. పేరుకు ఆధారమైనవాడికే పేరు లేకపోవటం ఈ భాండారంలోని అతి పెద్ద వైరుధ్యం.

ఆ కాలపు రివాజే అంత, నేటి న్యాయంతో నాటివారిని కొలవకూడదు అని సమాధానం చెప్పవచ్చు. ఆ సమాధానం నిలవదు. రాక్స్‌బర్గ్‌కు నూరేళ్లకు ముందే, 1678 నుంచి 1693 వరకు ఆమ్‌స్టర్‌డామ్‌లో 12 సంపుటాలుగా వెలువడిన 'హోర్తుస్ మలబారికుస్' లో డచ్చి గవర్నరు వాన్ రీడ్ తనకు తోడ్పడిన వారి పేర్లు ప్రకటించాడు. ఇట్టి అచ్యుతన్ అనే కేరళ వైద్యుడు, రంగభట్టు, వినాయక పండితుడు, అప్పుభట్టు అనే కొంకణి పండితులు ఇచ్చిన ధ్రువపత్రాలు ఆ గ్రంథంలో అచ్చయ్యాయి. మొక్కల పేర్లు మలయాళం మొదలైన లిపుల్లోనూ ఉన్నాయి. వాన్ రీడ్ కూడా వలస ప్రభువే, ఆయన దృష్టీ వ్యాపారం మీదనే. అయినా సాక్షుల పేర్లు చెప్పాడు. కాబట్టి పేరు చెప్పటం ఆ కాలానికి అసాధ్యమైన పని కాదు.

రాక్స్‌బర్గ్ తరువాతి తరంలో మద్రాసు రాజధానిలో పనిచేసిన రాబర్ట్ వైట్ మరొక మేలిమి ఉదాహరణ. 1838 నుంచి 1853 వరకు ఆయన ప్రచురించిన ఆరు సంపుటాల బృహద్గ్రంథంలో 2,000కు పైగా చిత్రాలున్నాయి. వాటిని గీసిన రంగయ్య, గోవిందు అనే ఇద్దరి పేర్లు మనకు తెలుసు. వైట్ 1853లో ఒక ఆర్కిడ్‌కు 'గోవిందూయియా' అని పేరు పెట్టి తన చిత్రకారుణ్ణి గౌరవించాడు. తరువాత ఆ మొక్క మరొక ప్రజాతిలో చేరిపోవటంతో ఆ పేరు వ్యవహారం నుంచి తొలగిపోయింది. శాస్త్రం తన నియమాల ప్రకారం నడిచింది, అందులో తప్పు పట్టవలసింది లేదు. కాని ఒక భారతీయ చిత్రకారుడికి దక్కిన అరుదైన గౌరవం కూడా పర్యాయపదాల పట్టికలో పడిపోయింది. ఎడింబరో ఉద్యానవనానికి చెందిన హెన్రీ నోల్టీ 2007లో ఆ ఇద్దరి చిత్రాలను గురించి సవిస్తరంగా రాసి వారికి చరిత్రలో తిరిగి చోటు కల్పించాడు. రంగయ్య, గోవిందు అన్న పేర్లు చదివినప్పుడు తెలుగు పాఠకుడి చెవికి తన ఇంటి పిలుపు వినిపిస్తుంది. ఆ పరిశోధన మన దగ్గర జరగకపోవటం మాత్రం ఆలోచించవలసిన విషయం.

వలస వెళ్లిన భాండారం

1814వ సంవత్సరం ఈ కథలో ఒక కూడలి. ఆ ఏడాది డేనిష్ వైద్యుడు నథానియల్ వాలిక్ ప్రేరణతో ఆసియాటిక్ సొసైటీ ఒక మ్యూజియం నెలకొల్పింది. అదే నేటి భారతీయ మ్యూజియం. వాలిక్ దాని తొలి నిర్వాహకుడు. అదే ఏడాది సేరంపూర్‌లో విలియం కేరీ, రాక్స్‌బర్గ్ తయారుచేసిన కలకత్తా ఉద్యానవనపు మొక్కల పట్టికను 'హోర్తుస్ బెంగాలెన్సిస్' పేరుతో అచ్చువేశాడు. అదే ఏడాది, అదే కేరీ రచించిన తెలుగు వ్యాకరణం కూడా వెలువడింది. భాషను, మొక్కలను ఒకే చేతితో పట్టికలు వేసిన కాలమది. రాక్స్‌బర్గ్ 1813లో భారతదేశం విడిచి వెళ్లి 1815లో ఎడింబరోలో మరణించాడు. ఆయన 'ఫ్లోరా ఇండికా' పూర్తి పాఠం మూడు సంపుటాలుగా కేరీ సంపాదకత్వంలో 1832లోగాని వెలుగు చూడలేదు.

వాలిక్ 1846 వరకు ఉద్యానవనాన్ని నిర్వహించాడు. నేపాలు, బర్మా, అస్సాం ప్రాంతాల నుంచి అపారంగా సేకరించాడు. 1828లో ఆయన కంపెనీ భాండారమంతటినీ పెట్టెలకెత్తి లండన్ తీసుకువెళ్లాడు. 9,000కు పైగా వరుస సంఖ్యలతో పట్టిక వేసి, ఐరోపాలోని అనేక హెర్బేరియాలకు నకలు నమూనాలు పంచిపెట్టాడు. ముఖ్యమైన ప్రతి 1832లో లిన్నియన్ సొసైటీకి, అక్కడి నుంచి 1913లో క్యూ ఉద్యానవనానికి చేరింది.

ఈ పనిని ఎట్లా అంచనా వేయాలి? ఒక దృష్టితో చూస్తే ఇది మహోపకారం. అనేక చోట్ల ప్రతులుండటం వల్ల ఒకచోట నష్టం జరిగినా జ్ఞానం నిలిచింది. 1943లో బాంబుదాడిలో బెర్లిన్ హెర్బేరియం అధికభాగం కాలిపోయినప్పుడు ఇతర దేశాలకు పంచిన నకలు నమూనాలే ఎన్నో పేర్లకు దిక్కయ్యాయి. ఐరోపా పండితులు భారతీయ వృక్షజాతులను గురించి విస్తృతంగా రాయగలిగింది కూడా వాలిక్ పంపకం వల్లనే. మరొక దృష్టితో చూస్తే ఇది కలకత్తాను ఖాళీ చేయటం. కిడ్, రాక్స్‌బర్గ్‌ల కాలం నుంచి కూడబెట్టిన ఎండుమొక్కలు తరలిపోయి, శిబ్‌పూర్ భాండారం దాదాపు కొత్తగా ఆరంభించవలసి వచ్చింది. తరువాత హుకర్ సంపాదకత్వంలో 1872 నుంచి 1897 వరకు ఏడు సంపుటాల 'బ్రిటిష్ ఇండియా వృక్షసంపద' తయారయింది క్యూలో. భారతీయ మొక్కలను చదవాలంటే భారతీయుడు లండన్ వెళ్లవలసిన స్థితి అప్పటి నుంచి స్థిరపడింది.

రెండు దృష్టులూ నిజమే. ఒకదాన్ని చెప్పి మరొకదాన్ని దాచటం న్యాయం కాదు. పంచటం తప్పు కాదు, పంచినవాడు ఇంట్లో ఒక పూర్తి ప్రతిని ఉంచకపోవటం తప్పు. 1890లో జార్జి కింగ్ నాయకత్వంలో భారత వృక్ష సర్వే ఏర్పడటం, 1954లో స్వతంత్ర భారత ప్రభుత్వం దాన్ని పునర్వ్యవస్థీకరించటం, ఈ లోటును పూడ్చే ప్రయత్నాల్లో ప్రధాన ఘట్టాలు.

ప్రదర్శనశాలలో మొక్క

సాధారణ ప్రేక్షకుడు హెర్బేరియం బీరువాలు తెరిచి చూడలేడు. అతడికి మొక్కల చరిత్ర ఎదురయ్యేది భారతీయ మ్యూజియంలోని వృక్షశాస్త్ర విభాగంలో. దానికి ఇండస్ట్రియల్ సెక్షన్ అని పేరు పెట్టటంలోనే దాని దృష్టి తెలుస్తుంది. నారలు, జిగుర్లు, రంగులు, నూనెలు, కలపలు, ధాన్యాలు, ఔషధాలు, నల్లమందు, తేయాకు అన్నీ ఉపయోగం ప్రకారం అమర్చినవి. 1889 నుంచి ఆరు సంపుటాలుగా వెలువడిన జార్జి వాట్ 'ఆర్థిక ఉత్పత్తుల నిఘంటువు' వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే. ఈ మ్యూజియంలో సహాయ నిర్వాహకుడిగా పనిచేసిన త్రైలోక్యనాథ్ ముఖోపాధ్యాయ బెంగాలీ సాహిత్యంలో 'కంకావతి' రచయితగా చిరస్మరణీయుడు. పగలు రంగులకు, నారలకు చీటీలు రాసిన చేయే అద్భుత కథలు కూడా రాసింది.

ఉపయోగాన్ని బట్టి అమర్చటం తప్పు కాదు. కాని ఎవరి ఉపయోగం అన్న ప్రశ్న మిగులుతుంది. అంకుడు చెట్టునే తీసుకొందాం. రాక్స్‌బర్గ్ దీని ఆకుల నుంచి నీలిరంగు తీయవచ్చునని ఉత్సాహంగా రాశాడు. కంపెనీకి కావలసింది నీలిమందు. అందుచేత శాస్త్రీయ నామంలోనే 'రంగునిచ్చేది' అన్న అర్థం స్థిరపడింది. ఏటికొప్పాక లక్క బొమ్మల పనివారికి మాత్రం అంకుడు అంటే రంగు కాదు, మెత్తగా తిరిగే తెల్లని కర్ర. ఒకే చెట్టుకు రెండు చరిత్రలు. లాటిన్ పేరు ఒకదాన్నే గుర్తుంచుకొంది. రెండవదాన్ని ప్రదర్శనశాల చీటీ గుర్తుచేయకపోతే మరెవరు చేస్తారు?

ఎలియట్ చూపిన దారి

ఈ లోటును గుర్తించినవారు 19వ శతాబ్దిలోనే ఉన్నారు. ఉత్తర సర్కారుల కమీషనరుగా పనిచేసిన సర్ వాల్టర్ ఎలియట్ 1859లో మద్రాసులో 'ఫ్లోరా ఆంధ్రికా' అనే గ్రంథాన్ని ప్రకటించాడు. ఉత్తర సర్కారుల్లోని తెలుగు జిల్లాల్లో కనిపించే మొక్కల దేశీయనామాలకు శాస్త్రీయ నామాలు జతచేసిన పట్టిక అది. అమరావతి స్తూపాన్ని 1845లో తవ్వించి, శిల్పాలను మద్రాసు చేర్చినవాడు కూడా ఈయనే. ఆ శిల్పాల్లో అధికభాగం తరువాత లండన్ చేరాయి. వాటిని గురించి మనం ఎంతో రాశాం, సభలు జరిపాం, ఆవేదన వెలిబుచ్చాం. ఎలియట్ మనకు మిగిల్చి వెళ్లిన తెలుగు మొక్కల పేర్ల గ్రంథాన్ని మాత్రం దాదాపు మరిచిపోయాం.

'ఫ్లోరా ఆంధ్రికా' విశిష్టత దాని దిశలో ఉంది. రాక్స్‌బర్గ్ గ్రంథంలో లాటిన్ పేరు గుమ్మం, తెలుగు పేరు పెరటి తలుపు. ఎలియట్ గ్రంథంలో తెలుగు పేరే గుమ్మం. ఊళ్లో విన్న మాటతో పాఠకుడు లోపలికి అడుగుపెట్టి శాస్త్రీయ నామాన్ని చేరుకొంటాడు. దీనికి పరిమితులు లేకపోలేదు. ప్రజల వ్యవహారంలో ఒకే పేరు రెండు మొక్కలకు ఉంటుంది, ఒకే మొక్కకు జిల్లాకొక పేరు ఉంటుంది. అటువంటి చిక్కులను నమూనాలు ఎదుట పెట్టుకొని గాని విడదీయలేము. పేరు ఒకచోట, మొక్క మరొకచోట ఉంటే రెండూ సగం సగం నిజాలే.

పేర్లను నమూనాలతో కలిపి, దేశభాషలోనే శాస్త్రం రాసినవారు మన దేశంలో ఉన్నారు. పెద్ద చదువులు చదవని జయకృష్ణ ఇంద్రజీ పోరుబందరు సమీపంలోని బర్డా కొండల మొక్కలను స్వయంగా పరిశీలించి 1910లో గుజరాతీలో బృహత్తర వృక్షశాస్త్ర గ్రంథం రాశాడు. కేరళలో ఆచార్య కె. ఎస్. మణిలాల్ దశాబ్దాలపాటు శ్రమించి, 'హోర్తుస్ మలబారికుస్' లోని మొక్కలను మళ్లీ క్షేత్రంలో సేకరించి, 2003లో ఆంగ్లంలోకి, 2008లో మలయాళంలోకి ఆ గ్రంథాన్ని తెచ్చాడు. లాటిన్‌లో బందీ అయిన మాటలు మూడు శతాబ్దాల తరువాత తమ భాషకు తిరిగి వచ్చాయి. 'కోరమాండల్ తీరపు మొక్కలు' కు అటువంటి తెలుగు పరిష్కరణ రావలసి ఉంది.

నేటి కర్తవ్యం

భద్రపరచటమన్నది ఒకసారి చేసి ఊరుకొనే పని కాదు. 2016 ఏప్రిల్ 26న ఢిల్లీలోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఎండిన ఆకు, కాగితం, కర్ర బీరువా ఉన్న ప్రతి భాండారానికీ అది హెచ్చరిక. భవన నిర్వహణ, తేమ నియంత్రణ, అగ్నిమాపక సదుపాయం వంటి పనులు వార్తల్లోకి ఎక్కవు. అయినా ఒక మూలప్రతి నష్టపోతే ఏ నిధులతోనూ మళ్లీ కొనలేము. శిబ్‌పూర్ గంగ ఒడ్డున ఉంది. 1864 నాటి తుఫానులో ఆ ఉద్యానవనపు చెట్లు అసంఖ్యాకంగా నేలకూలాయి. వాతావరణం మారుతున్న ఈ కాలంలో ఆ చరిత్రను మరవరాదు.

భారత వృక్ష సర్వే తన నమూనాల ఛాయాచిత్రాలను అంతర్జాలంలో ఉంచే కార్యక్రమం చేపట్టటం హర్షించదగినది. క్యూలోని వాలిక్ నమూనాల చిత్రాలు కూడా ఇప్పుడు దూరం నుంచే చూడవచ్చు. ఇది కొంతవరకు 1828 నాటి తరలింపుకు ప్రాయశ్చిత్తం వంటిది. ఐతే రేకను ఛాయాచిత్రం తీసినంత మాత్రాన పుష్పిక చదివినట్లు కాదు. పట్టికలో సాధారణంగా శాస్త్రీయ నామం, సేకర్త పేరు, స్థలం, తేదీ చేరుతాయి. చీటీ మీద పెన్సిలుతో రాసి ఉన్న దేశీయనామం, మొక్కను చూపించిన కోయ, చెంచు, సవర మనిషి ప్రస్తావన, రంగుకు వాడతారు అన్న చిన్న గమనిక వంటివి అంకాత్మక పట్టిక గడుల్లో ఇమడవు. గడి లేనిది గణన లేనిది. రెండు శతాబ్దాల నాటి మరపు యంత్రం ద్వారా మళ్లీ జరగకుండా చూడవలసిన బాధ్యత ఇప్పటి అధికారులది.

చేయవలసిన పనులు మూడు. మొదటిది, చీటీల మీది దేశీయనామాలను వాటి లిపిలోనే పట్టికలో చేర్చటం. తెలుగు, తమిళం, ఒడియా, సవర భాషలు తెలిసినవారు వృక్షశాస్త్రజ్ఞుల పక్కన కూర్చుంటే గాని ఇది జరగదు. రెండవది, రాక్స్‌బర్గ్ చిత్రాలను ప్రదర్శించినప్పుడు, ప్రచురించినప్పుడు 'భారతీయ చిత్రకారుడు, పేరు తెలియదు' అని స్పష్టంగా రాయటం. తెలియదని రాసినచోట వెతకాలన్న కోరిక పుడుతుంది. ఏమీ రాయనిచోట ఖాళీ ఉందన్న సంగతే ఎవరికీ తోచదు. మూడవది, హైదరాబాదులోని సర్వే ప్రాంతీయ కేంద్రం, విశ్వవిద్యాలయాల వృక్షశాస్త్ర, తెలుగు శాఖలు కలిసి ఎలియట్ గ్రంథాన్ని నేటి శాస్త్రీయ నామాలతో, నమూనాల సంఖ్యలతో పరిష్కరించి ప్రకటించటం.

ఇది గతాన్ని నిందించటానికి చేయవలసిన పని కాదు. చిరివేరు రంగు తీయటం తెలిసినవారు, పొనికి కర్రను చూడగానే గుర్తుపట్టేవారు, కొండ మీది చెట్టుకు తమ భాషలో పేరు చెప్పగలవారు ఏటేటా తగ్గిపోతున్నారు. పేరు మరిచిన చెట్టును నరకటం సులభం. చట్టం రక్షించే ముందు భాష రక్షించేది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం స్థానిక ప్రజల విజ్ఞానాన్ని నమోదు చేయాలని కోరింది. గ్రామ స్థాయిలో తయారవుతున్న ఆ నమోదు పుస్తకాలకు, శిబ్‌పూర్ బీరువాల్లోని రేకలకు మధ్య వంతెన వేస్తే చట్టం ఆశించినదీ, శాస్త్రానికి కావలసినదీ ఒకేసారి నెరవేరుతాయి.

శిబ్‌పూర్ భాండారం గొప్పదనటంలో సందేహం లేదు. రాక్స్‌బర్గ్, వాలిక్, కింగ్ వంటివారి శ్రమను తక్కువ చేయటం కృతఘ్నత అవుతుంది. వారు పువ్వును వాడిపోకుండా నిలిపారు. దాన్ని చూపిన వేలు, గీసిన చేయి, పిలిచిన నోరు ఎవరివో పుష్పికలో చేర్చటం ఈ తరం వంతు. ఆ రేకలు ఇంకా బీరువాల్లో పదిలంగానే ఉన్నాయి, చీటీల్లో రాయటానికి చోటు కూడా మిగిలే ఉంది.